చెప్పువాని అర్హత

పుదుచ్చేరి పట్టణమునకు నైరుతి దిక్కున, పొలముల నడుమ, ఎంబలమను గ్రామ మొకటి కలదు. 1998వ సంవత్సరమున ఎమ్మెస్ స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు ఈ ప్రాంతమున నెలకొల్ప నారంభించిన గ్రామ విజ్ఞాన కేంద్రములలో ఒకటి ఆ ఊరి పాత దేవాలయమునకు చెందిన గదిలో వెలసినది. దానిని గూర్చి 2000 సంవత్సరము మే నెలలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రకటించిన వ్యాసము ఆ గుడికి గల రెండు వాకిళ్ళ ప్రసక్తితో మొదలగును. ఒక వాకిలి దైవసన్నిధికి పోవునది. దాని గడపను దళితులును, బహిష్టులైన స్త్రీలును దాటరాదని ఆనాటి కట్టుబాటు. రెండవ వాకిలి కంప్యూటరు గదికి పోవునది. అందు ఎవరైనను అడుగిడ వీలుండెను. ఊరివారు చోటును ఉచితముగా ఇయ్యవలెననియు, ఆ చోటు కులభేదము గాని స్త్రీపురుష భేదము గాని లేక అందరికిని తెరచియుండవలెననియు సంస్థవారు పెట్టిన షరతు వలననే గుడి ప్రాంగణమున అట్టి వాకిలి యొకటి తెరచుకొన్నది.

లోనికి వచ్చిన కూలిస్త్రీని నీవెవరివని అడుగని ఆ రెండవ వాకిలి మన మతచరిత్రలో మిక్కిలి పాతదైన ప్రశ్న నొకదానిని మరల మన ముందుంచినది. విద్యకు అర్హుడెవడు? మన శాస్త్రములు దీనిని అధికార విచారమని పిలిచినవి. బ్రహ్మసూత్రముల మొదటి అధ్యాయము మూడవ పాదమున అపశూద్రాధికరణమను భాగము కలదు. దానికి భాష్యము వ్రాయుచు శంకర భగవత్పాదులు, ఉపనయనము లేనివానికి వేదాధ్యయనము లేదనియు, అందుచేత వేదపూర్వకమైన బ్రహ్మవిద్యయందు అతనికి అధికారము లేదనియు నిర్ణయించి, ఆ పిమ్మట విదురుని, ధర్మవ్యాధుని స్మరించి, పూర్వసంస్కారబలమున అట్టివారికి కలిగిన జ్ఞానము ఫలింపక మానదని ఒప్పుకొని, ఇతిహాస పురాణములను వినుటకు నాలుగు వర్ణములవారికిని హక్కు కలదని ముగించిరి. ఆ కాలమున విద్యకు అడ్డుగా నిలిచినది అక్షరము కాదను సంగతి ఇచ్చట గమనింపదగినది. వేదము తాటాకు మీదుగా గాక నోటినుండి చెవికి సాగినది. కనుక కంచె వేయదలచినవారు చెవికే కంచె వేసిరి. విద్య అందకపోవుటకు కారణమును వినువాని పుట్టుకలో వెదకిరి.

ఈ వెదకులాటను తలక్రిందులు చేసిన కథ యొకటి శ్రీవైష్ణవ గురుపరంపరలో ప్రసిద్ధమై యున్నది. తిరుక్కోట్టియూరు నంబివలన ఎంతో ప్రయాసపడి రహస్యమంత్రమును పొందిన రామానుజులు, దానిని ఇతరులకు చెప్పినచో నరకము తప్పదని గురువు హెచ్చరించియుండినను, ఆ ఊరి ఆలయగోపురమెక్కి అందరికిని వినబడునట్లు ఎలుగెత్తి చెప్పిరనియు, వేలమంది తరించునపుడు తానొక్కడు నరకమున బడినను మేలే యనిరనియు పెద్దలు చెప్పుదురు. ఈ కథలో కరుణను మెచ్చుకొనువారే గాని ఆయన గోపురమెక్కుటలోని ఆలోచనను పట్టించుకొనువారు తక్కువ. నేలమీద నిలిచి చెప్పినచో ముందువరుసలోని వారికే వినబడును. వెనుకవారికిని చేరవలెనన్న ఎక్కవలసినవాడు తానే. అర్హతను గూర్చిన ప్రశ్న అచ్చట వినువానిని విడిచి చెప్పువానిపై వచ్చి నిలిచినది. నీ మాట వానికి అందునా అని గోపురము ఆయనను అడిగినది. వాడు ఆ మాటకు తగునా అని ఆయన ఎవరిని గూర్చియు అడుగలేదు.

మన తెలుగువారికి ఈ మార్గము క్రొత్తది గాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో వ్రాసినది సామాన్యుల గొంతులలో పలుకుటకే. చదువురాని ఇల్లాలు భారతరామాయణములను ఎరిగినది పురాణ కాలక్షేపముల వలనను, హరిదాసు కాలిగజ్జెల వలనను, తెల్లవారుజాముదాక తెరమీద కదలిన తోలుబొమ్మల వలనను. శ్రీకాళహస్తి స్థలపురాణము సాలెపురుగునకును, పామునకును, ఏనుగునకును, బోయయైన తిన్ననికిని మోక్షమిచ్చి, వారిలో ఎవ్వరికిని అక్షరాభ్యాసము జరుగలేదను సంగతిని లోపముగా ఎంచలేదు. చెవిని, కంటిని నమ్ముకొని శతాబ్దములపాటు జ్ఞానమును పంచిన సంస్కృతి మనది. అట్టి మనము ఈనాడు చేతిలో పట్టునంత తెరను చేసి, చూచుటకు, వినుటకు, పలుకుటకు దానికి సమస్తశక్తులను ఇచ్చియు, దాని గడపవద్ద అక్షరమును కాపలా యుంచితిమి.

నిరక్షరత యనగా నేమో ఒక క్షణము నిదానించి యోచింపవలెను. గోదావరి యొడ్డున నున్న యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిది. అక్కడివారి మాట తెలుగు. తెలుగున పట్టభద్రుడైన యానామువాసి యొకడు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి తన రాజధానియైన పుదుచ్చేరికి వచ్చి వీథిలో నిలిచెనేని, అతని యెదుట నీలిరంగు పలకలపై ఫ్రెంచి, తమిళ లిపులలో వీథిపేర్లు కనబడును. కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమను లక్షణగ్రంథమును తెలుగున రచించి ఏ ఆనందరంగ పిళ్ళెకు అంకితమిచ్చెనో, ఆ పిళ్ళె నివసించిన పట్టణమే యైనను, ఆ క్షణమున మన పట్టభద్రుడు నిరక్షరుడే. అతని బుద్ధిలో ఏమియు తరుగలేదు. అతనికిని పలకకును నడుమ మార్గము లేదు, అంతమాత్రమే. నిరక్షరత మనిషిలోని లోటు గాక మనిషికిని లిపికిని నడుమనున్న యెడమని గ్రహించినవాడు, ఆ యెడమును పూడ్చు బాధ్యత ఒక్క ఆ మనిషిదే యని అనలేడు. 2011 జనగణన ననుసరించి పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున అక్షరాస్యత సుమారు 86 శాతము. దేశపు సగటుకంటె ఇది చాల ఎక్కువ. అయినను ఏడేండ్లు దాటినవారిలో ప్రతి ఏడుగురికిని ఒకరు చదువలేనివారేయని ఆ లెక్క చెప్పకయే చెప్పుచున్నది. చదివెదమని వ్రాయించుకొన్నవారిలోను బ్యాంకు పంపిన ఆంగ్ల సందేశమును చదువగలవారు ఎందరో ఊహించుకొనవచ్చును.

పట్టణము నడుమ నున్న గుబేర్ మార్కెట్టులో చేపలమ్ము వృద్ధురాలి నొకతెను కాసేపు గమనించినచో ఈ యెడమెట్టిదో తెలియును. వంజరము తూకమును, దాని ధరను, బేరములో తగ్గించిన సొమ్మును ఆమె నోటిలెక్కతో క్షణములో తేల్చును; నోట్లను రంగును బట్టి ఎంచును. గంప ప్రక్కన క్యూఆర్ కోడు అట్టయు, దాని వెంట చిన్న స్పీకరు డబ్బాయు నుండును. కొనువాడు ఫోను చూపి సొమ్ము పంపగానే ఆ డబ్బా వచ్చిన మొత్తమును తమిళమున పలుకును. ఆమె తల యాడించి చేపను సంచిలో వేయును. ఆ డబ్బాను చేసినవాడు ఆమె చదువును గూర్చి అడుగలేదు, ఆమెపై జాలి పడినట్లును కనబడడు. ఆమెకు కావలసిన ఒక్క మాటను ఆమెకు తెలిసిన భాషలో, ఆ మాట అవసరమైన క్షణమున చెప్పించెను. కాని అదే సొమ్ము ఖాతాలో ఎంత నిలిచినదో చూచుకొనవలెనన్న ఆమె తన ఫోనును ప్రక్క అంగడి కుర్రవానికి ఇయ్యవలసినదే. మనుమరాలికి వాట్సాప్‌లో మాట పంపుటకు మైకు గుర్తును బొటనవ్రేలితో అదిమిపట్టి ధారాళముగా మాటలాడు ఆమె, ఓటీపీ వచ్చినపుడు దానిని ఎవరిచేతనో చదివించుకొనవలెను. ఆ నాలుగారంకెలతో ఆమె తన తాళపుచెవినే పరులకు అప్పగించినదగును. గోప్యత చదువుకొన్నవారికి మాత్రమే దక్కు భోగమైనచో అది న్యాయము గాదు.

ఈ యెడమును పూడ్చుటకు ఈ తీరమే మరియొక దారిని చూపినది. పుదుచ్చేరికి దక్షిణమున నున్న వీరాంపట్టణము బెస్తవారి ఊరు.  ఆ ఊరి విజ్ఞాన కేంద్రమువారు అమెరికా నౌకాదళపు వెబ్‌సైటు నుండి అలల యెత్తు వివరములను దింపుకొని, సముద్రపుటొడ్డున కట్టిన లౌడుస్పీకర్లలో చదివి వినిపించు ఏర్పాటు చేసిరి. ఇసుకపై వల బాగుచేసికొనుచున్న మనిషి తలయెత్తకయే ఆ మాటను విని, నేడు పడవ దించవలెనో లేదో నిశ్చయించుకొనెడివాడు. భూగోళపు టావలి యొడ్డున ఆంగ్లమున అంకెలుగా నున్న సంగతి, ఇచ్చట చదువుతో పనిలేని తమిళపు మాటయై చెవిని చేరినది. 2004 డిసెంబరు 26వ తేదీన సింగపూరులో పనిచేయుచున్న, ఈ తీరపు నల్లవాడను గ్రామమునకు చెందిన మనిషి యొకడు సునామీ సంగతి నెరిగి తన ఊరికి ఫోను చేయగా, ఊరివారు విజ్ఞాన కేంద్రపు లౌడుస్పీకరులో హెచ్చరిక చాటి, జనమును ఒడ్డునుండి తరలించిన వృత్తాంతము సుప్రసిద్ధము. అలలు అక్షరాస్యుని, నిరక్షరుని వేరుచేసి చూడవు. హెచ్చరికయు అట్లు చూడరాదని ఆ దినము నిరూపించినది. నేడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు స్థితిని, చేపలు దొరకు తావులను అంచనా కట్టి పంపుచుండగా, స్వామినాథన్ సంస్థవారి ఫిషర్ ఫ్రెండ్ యాప్ ఆ వివరములను తెలుగు, తమిళములు మొదలగు తీరభాషలలో బెస్తవారి చేతికి అందించుచున్నది. పడవ అంతర్జాతీయ సరిహద్దును సమీపించినపుడు అది హెచ్చరించును. నడిసముద్రమున అట్టి హెచ్చరిక చదువవలసినదై యుండుట ఎంత అపాయమో, వినవలసినదై యుండుట ఎంత అవసరమో చెప్ప పనిలేదు.

అయితే అక్షరమును తీసివేసినంత మాత్రమున తెర అందరికిని అర్థమగునా? కాదు. ఇచ్చట మన తార్కికులు, తెరలను తీర్చు ఈ కాలపు రూపశిల్పికి గురువులు కాగలరు. వాక్యమువలన అర్థజ్ఞానము కలుగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడు హేతువులు కావలెనని వారనిరి. ఆవు, గుర్రము, మనిషి, ఏనుగు అని పదములను కుప్పవోసినచో వాక్యము గాదు. ఒక పదము మరియొకదానిని కోరవలెను, అది ఆకాంక్ష. నిప్పుతో తడుపుమనినచో అర్థము పొసగదు, అచ్చట యోగ్యత లేదు. ఒక పదమును ఇప్పుడు పలికి రెండవదానిని జాము గడచిన పిమ్మట పలికినచో తెలియదు, అచ్చట సన్నిధి లేదు. ఈ మూడింటిలో ఒక్కటియు వినువాని కులమును అడుగదు, బడిని అడుగదు; మూడింటిని కూర్చవలసినవాడు చెప్పువాడే.

ఇరువది యేండ్ల క్రిందట బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయమున ఇంద్రాణి మేధియు, ఆమె సహచరులును, ఇండ్లలో పనిచేసికొను స్త్రీలు ఉద్యోగములు వెదకికొనుటకై అక్షరములు లేని తెరను కూర్ప యత్నించిరి. వంటింటి పనిని తెలుపుటకు వస్తువుల బొమ్మలను మాత్రమే చూపినపుడు ఆ స్త్రీలకు అది పని యని తోచక వట్టి చోటుగా తోచెను. కుళాయినుండి నీరు కారుచున్నట్లును, పాత్రనుండి ఆవిరి లేచుచున్నట్లును గీతలు చేర్చిన పిమ్మట అది చేయవలసిన పని యని తెలిసినది. నామపదముల కుప్ప వాక్యము కాదని, క్రియ చేరిననే ఆకాంక్ష తీరునని మీమాంసకులు ఎప్పుడో చెప్పిన మాట ఆ గీతలలో మరల రుజువైనది. నిజమైన ఫొటోలకంటె చేతితో సూచనప్రాయముగా గీసిన బొమ్మలే వారికి సులభముగా తెలిసినవి. పట్టణపు పటము అర్థము గాక, తెలిసిన గురుతులను దానిపై చేర్చిన పిమ్మట అర్థమైనది. బడిచదువు తక్కువగా గలవారికి ఒక పెట్టెలో మరియొక పెట్టెగా అమర్చిన జాబితాలకంటె, అన్నియు ఒకేచోట కనబడు జాబితా సుకరమని తరువాతి పరిశోధనలో తేలినది. లోలోపలి పెట్టెలలో దాచిన బొత్తాము సన్నిధి లేని పదము వంటిదే. ఒక సందేశములో వచ్చిన ఓటీపీని మరియొక తెరకు మోసికొనిపోయి వ్రాయుమనుటయు అట్టిదే. ఇక భద్రపరచుటకు గుర్తుగా ఏనాడో వాడుకనుండి తొలగిన ఫ్లాపీ బొమ్మను చూపుట, దానిని కంటితోనైనను చూడని చేపలమ్మకు, నిప్పుతో తడుపుమన్నట్లే యుండును.

ఇంతకంటె గంభీరమైన ధర్మసందేహ మొకటి మిగిలియున్నది. పూర్వము వడ్డీవ్యాపారి వ్రాసికొన్న పత్రమును చదువలేని రైతు దానిపై వేలిముద్ర వేసి పొలము పోగొట్టుకొనెను. అట్టి ముద్రను అంగీకారమని న్యాయస్థానము పలికినను ధర్మము పలుకదు. తెలియని దానికి ఒప్పుకొనుట ఒప్పుకోలు కాదు. నేడు అదే బొటనవ్రేలు గాజుతెరపై అంగీకరించుచున్నాను అను బొత్తామును నొక్కుచున్నది. దాని వెనుక చదువుకొన్నవారును చదువని పుటలెన్నో యున్నవి. ఏమి ఇచ్చుచున్నది, ఏమి పోగొట్టుకొనుచున్నది, ఎవరికి తన ఫోను పుస్తకమంతయు తెరచి చూపుచున్నదో యను సంగతిని ఆ మనిషికి తన భాషలో నాలుగు మాటలుగా వినిపింపని యాప్, ఎంత సౌకర్యమును కూర్చినను, ఆ పాత పత్రమునకు వారసురాలే. అందుచేత సులభముగా నుండుట చాలదు. సత్యముగా నుండుటయు కావలెను. అప్పు తీసికొను బొత్తామును పెద్దదిగా, పచ్చగా చేసి, వడ్డీని చిన్న అక్షరములలో దాచిన తెరకు చేతిపని నైపుణ్యము ఎంత యున్నను, అది అధర్మమే.

ఇచ్చట పెద్దలు వేయు ఆక్షేపణ కలదు. అది తేలికగా త్రోసివేయదగినది గాదు. బొమ్మలతోను, గొంతుతోను పని జరిగిపోవుచుండగా ఇక జనులు అక్షరము నేర్తురా? చదువుకొన్నవారికి గ్రంథములును, చదువనివారికి బొమ్మలును అని లోకమును రెండుగా చీల్చి, పాత వర్ణభేదమునకు మరియొక రూపము ఇచ్చుచున్నామేమో? అక్షరము చేయగల పని మరి దేనివలనను కాదనుటకు నెల్లూరు జిల్లా దూబగుంటయే సాక్షి. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమపు వాచకములో సారా కాపురములను కూల్చుటను గూర్చిన పాఠమును చదివిన స్త్రీలు 1992లో సారా దుకాణమును మూయించగా, ఆ కదలిక జిల్లాను, పిదప రాష్ట్రమును చుట్టి, 1993లో ఆంధ్రప్రదేశమంతట సారా నిషేధమునకు దారితీసినది. చదివిన మాటను మరల వెనుకకు మరలి చూడవచ్చును, నిలిచి ప్రశ్నింపవచ్చును, పదుగురతో కూడి వాదింపవచ్చును. వినిపించి పోవు గొంతుకు ఆ నిలుకడ లేదు.

కనుక నా అభిప్రాయము ఇది. అక్షరమును తెరనుండి వెడలగొట్టవలదు. కాపలా పదవినుండి మాత్రము దానిని తొలగింపవలెను. ప్రతి బొమ్మ క్రింద దాని మాట పెద్ద అక్షరములలో ఉండవలెను. వ్రేలు తాకినపుడు గొంతు ఆ మాటను పలుకుచుండగా అక్షరము వెలుగుచుండవలెను. నేర్వగోరినవారికి అదియే పలక యగును. వయసు మీరి నేర్వనొల్లని వృద్ధురాలికి ఆ గొంతే చాలును. ఎవరిని ఏ దారిలో రమ్మనవలెనో నిర్ణయించు అధికారము రూపశిల్పికి లేదు. అన్ని దారులను తెరచియుంచు విధి మాత్రమే అతనికి కలదు. ఆ దారులు సరిగా పరచితినా లేదా యని తెలిసికొనుటకు అతడు తన గదిలోని సహచరులను అడిగి ప్రయోజనము లేదు. గుబేర్ మార్కెట్టుకో, వీరాంపట్టణపు టొడ్డునకో పోయి, ఫోనును వారి చేతిలో పెట్టి, తాను నోరు మూసికొని, వారి వ్రేలు ఎచ్చట తటపటాయించినదో చూడవలెను. వారు తప్పు నొక్కినచో ఆ తప్పును తన ఖాతాలో వ్రాసికొనవలెను.

ఇది దయ యనుకొనువారు పొరబడుచున్నారు. పుట్టినవాడు దేవతలకును, ఋషులకును, పితరులకును ఋణపడి పుట్టునని మన శాస్త్రములు చెప్పినవి. ఋషులయప్పు విద్య నేర్చుట వలనను, దానిని మరల నేర్పుట వలనను తీరును. దానమైనచో ఇయ్యవచ్చును, మానవచ్చును, ఇచ్చినందుకు కీర్తిని ఆశింపవచ్చును. అప్పు తీర్చువానికి ఆ స్వేచ్ఛ లేదు. ఈ యంత్రములను చేయు నేర్పును మనము ప్రజలసొమ్ముతో నడచిన బడులలో నేర్చితిమి. వానిని నడపు విద్యుత్తునకును, తరంగములకును, తంత్రులకును చదువురాని చేతులెన్నో కూలి చేసినవి. సముద్రమును గూర్చి మన శాస్త్రజ్ఞులు నేడు లెక్కగట్టుచున్నదానిలో కొంత ఆ బెస్తవారి పూర్వులు నక్షత్రములను, నీటిరంగును చూచి ఏనాడో ఎరిగినదే. వారివలన పొందిన దానిని వారికి తెలియని లిపిలో తిరిగి చెప్పి, తెలియకపోవుట వారి దోషమనుట, అప్పు ఎగవేయుటయే యగును. విద్యకు అర్హుడెవడని వేలయేండ్లు వినువానిని నిలదీసితిమి. విద్యను చెప్పుటకు మనము అర్హులమా యని ఇక మనలను మనము నిలదీసికొనవలెను. మన మాట చిట్టచివరి మనిషికి తెలిసినదాక ఆ అర్హత మనకు రాలేదనియే యెంచుకొని పనిచేయవలెను.